నులిపురుగుల రీపోలింగ్

మా జిల్లాలో నులిపురుగులకూ మాత్రకూ మధ్య ఎన్నికలు జరిగాయి. పోలింగ్ ప్రశాంతంగా ముగిసింది. ఫలితం మాత్రం ఇంకా ప్రకటించలేదు, ఎందుకంటే ప్రకటించాల్సిన అధికారి మీదే విచారణ నడుస్తోంది. అదెందుకు నడుస్తోందో చెప్పాలంటే ముందు మా హాస్టల్ గురించి చెప్పాలి, కాస్త మొహమాటం విడిచి ఆ పురుగు గురించి కూడా చెప్పాలి. అన్నం ముందు పెట్టుకుని చదువుతున్నవాళ్లు తినడం అయ్యాక రండి, నేనేం అనుకోను.

నా పేరు సులోచన. చెలిమలపల్లి బాలికల వసతిగృహానికి వార్డెన్‌ని. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి మా పిల్లలకు రాత్రిపూట నిద్ర లేదు. పొద్దున ప్రార్థనలో నిలబడి తూగుతున్నారు. నాలుగో తరగతి మాన్విత అయితే ఒకరోజు జాతీయగీతం మధ్యలో నా మీదికే ఒరిగి గురక పెట్టింది. మా వంటమనిషి పోశవ్వ అసలు సంగతి నా చెవిలో వేసింది.

"పిల్లలు రాత్రంత గీక్కుంటున్నరమ్మా. ఎక్కడనో నన్నడగకు. కూసుంటే దురద, పండుకుంటే దురద. గా మాన్విత అన్నం ముంగట వెట్టుకొని నిద్రవోతుంది. బుక్క నోట్లనే ఉంటుంది."

మాన్విత వచ్చినప్పుడు బుగ్గలతో వచ్చింది. ఇప్పుడు కళ్ల కింద నలుపు. వాళ్లమ్మ నా చేతిలో పిల్ల చెయ్యి పెట్టి "మీదే భారం మేడం" అని చెప్పి వెళ్లింది. ఆ మాట గుర్తొస్తే నాకూ నిద్ర పట్టేది కాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్ హారిక వచ్చి చూసింది. చిన్న వయసు, పెద్ద ఓపిక. "నులిపురుగులు మేడం. తెల్ల దారప్పోగులా ఉంటాయి. కాపురం పేగుల్లో. పిల్ల పడుకున్నాక ఆడపురుగు కిందికి దిగొచ్చి బయట గుడ్లు పెడుతుంది. అక్కడ దురద పుడుతుంది. పిల్ల నిద్రలో గీక్కుంటే గుడ్లు గోళ్ల కిందికి చేరతాయి. గోళ్ల నుంచి నోటికి, దుప్పటికి, పక్కపిల్లకి. మింగిన గుడ్డు పేగులో పొదుగుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ ఇంకో ఆడపురుగు తయారు. మాత్ర పురుగుని చంపుతుంది, గుడ్డుని చంపలేదు. అందుకని రెండు వారాలకు ఇంకో మాత్ర వేయాలి. ఈలోగా గోళ్లు కత్తిరించి, సబ్బుతో చేతులు కడిగించి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికించండి. అంతే."

అంతే అన్న మాట నాకు నెత్తిన పాలు పోసినట్టుంది. అప్పటికే చెడిపోయి ఉన్న కుళాయిల రిపేరుకు అనుమతి వచ్చింది, మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు. ఒక పెట్టె సబ్బులు తెప్పించాను. మాత్రలు ఎలాగూ నులిపురుగుల నిర్మూలన దినం నాడు ప్రభుత్వమే ఇస్తుంది. ఇక నా పిల్లలు నిద్రపోతారనుకున్నాను.

ఆ కార్యక్రమానికి ఈసారి జిల్లా ప్రత్యేకాధికారిగా శ్యాంసుందర్ గారిని వేశారని నాకు అప్పటికి తెలియదు.

శ్యాంసుందర్ గారు చెడ్డవాడు కాదు, లంచం ముట్టడు, అబద్ధం ఆడడు. ఆయన సర్వీసంతా ఎన్నికల విభాగంలో గడిచింది, వచ్చిన చిక్కల్లా అదే. ఇంటికి భోజనానికి వచ్చిన బావమరిదిని కూడా గుర్తింపు కార్డు చూపించమన్నాడని ఆఫీసులో చెప్పుకుంటారు. ఈ ఏడాది సర్పంచ్ దగ్గర్నుంచి పైదాకా ఏ ఎన్నికా లేదు. చేతులు ఊరుకోవు కదా, ఆ చేతుల్లో పురుగుల్ని పెట్టారు.

శిక్షణ తరగతి కలెక్టరేట్ హాల్లో జరిగింది. వార్డెన్లం, హెడ్మాస్టర్లం, డాక్టర్లం అందరం కూర్చున్నాం.

"గత సంవత్సరం," అని మొదలుపెట్టారు శ్యాంసుందర్ గారు, "కొన్ని బడుల వెనక కాలువల్లో మాత్రలు దొరికినవి. అనగా లబ్ధిదారుడు మాత్రను స్వీకరించాడు, వినియోగించుకోలేదు. ఇది చాలా విచారకరం. ఈసారి సంతృప్త స్థాయిలో, పారదర్శకంగా, స్వేచ్ఛగా, నిష్పక్షపాతంగా నులిపురుగుల నిర్మూలన నిర్వహించబడును. ప్రతి బడీ ఒక పోలింగ్ కేంద్రం. మీరంతా ప్రిసైడింగ్ అధికారులు. మాత్ర వేసుకున్న ప్రతి పిల్లకీ ఎడమచేతి చూపుడువేలికి సిరా గుర్తు. ఖాళీ రేకులు సీలు వేసిన పెట్టెలో పడాలి. పెట్టె స్ట్రాంగ్ రూంకి వెళ్లాలి. ప్రశ్నలుంటే అడగండి."

నేను లేచాను. "సార్, పోటీ ఎవరికెవరికి?"

"మాత్రకూ పురుగుకూ."

నా పక్కన ఒక హెడ్మాస్టర్ ఉన్నాడు, మంచి చమత్కారి. "మరి మాత్ర తరఫున మేమున్నాం. పురుగు తరఫున ఏజెంటు ఉండొద్దా సార్?" అన్నాడు నవ్వుతూ.

హాలంతా నవ్వింది. శ్యాంసుందర్ గారు నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిజమే. ఒక పక్షానికి ఏజెంటు లేకుండా జరిగిన పోలింగ్ రేపు కోర్టులో నిలబడదు" అన్నారు. ఆ సాయంత్రమే జూనియర్ కళాశాల జంతుశాస్త్రం లెక్చరర్ విశ్వపతి గారిని నులిపురుగుల తరఫు ఏజెంటుగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. చమత్కారం చేసిన హెడ్మాస్టర్ మళ్లీ ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు.

డాక్టర్ హారిక చెయ్యెత్తింది. "సార్, ఈ పురుగు ఉన్న పిల్లలకు రెండు వారాల తర్వాత రెండో డోసు అవసరం."

"ఒక మనిషికి ఒక మాత్ర, డాక్టర్ గారూ. అది ప్రజాస్వామ్యానికి పునాది."

"సార్, గుడ్లు మిగిలిపోతాయి."

"వాటికింకా వయసు రాలేదు కదమ్మా. ఈసారి జాబితాలో లేనివాళ్ల గురించి మనకెందుకు?"

నోటిఫికేషన్ వెలువడింది. వెలువడ్డ క్షణం నుంచి ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. సోమవారం కుళాయిల మేస్త్రీ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. పానా తీశాడో లేదో జీపు వచ్చి ఆగింది. కోడ్ ఉన్నప్పుడు కొత్త పనులు చేపట్టకూడదట.

"కొత్త పని కాదండీ, పాత కుళాయిలే. నీళ్లు రావడమొక్కటే కొత్త" అన్నాను.

"అదే మేడం. అంతకుముందు రాని నీళ్లు నోటిఫికేషన్ తర్వాత వస్తే, ఒక పక్షానికి లబ్ధి చేకూరినట్టవుతుంది" అని మేస్త్రీని పంపేశారు.

సరే, బకెట్లతో నీళ్లు మోయించి సబ్బులైనా పంచుదామనుకున్నాను. పిల్లలు వరసగా నిలబడ్డారు. మాన్విత సబ్బు వాసన చూసి ముక్కుకు ఆనించుకుని నిలబడింది, ఇంట్లో వాళ్లమ్మ వాడే సబ్బు అదేనట. అప్పుడు గేటు దగ్గర స్కూటర్ ఆగింది. దిగినవాడు విశ్వపతి గారు. ఛాతీ మీద ఏజెంటు బ్యాడ్జి, దాని మీద దారప్పోగు లాంటి బొమ్మ.

"అభ్యంతరం!" అన్నారు.

"దేనికండీ?"

"పోలింగుకు ముందు లబ్ధిదారులకు సబ్బులు పంచడం ప్రలోభం కిందికి వస్తుంది. నా పక్షానికి తీరని అన్యాయం. మేడం, మీరు కాస్త ఆలోచించండి. నా పక్షం దగ్గర డబ్బు లేదు, జెండా లేదు, కళ్లు కూడా లేవు. పగలు ప్రచారానికి వీల్లేదు. పాపం ఆడపురుగు రాత్రిపూట ఒక్కత్తీ చీకట్లో అంతదూరం దిగొచ్చి గుడ్లు పెట్టి పోవాలి. ఆ గుడ్లను జనంలోకి తీసుకెళ్లేది గోళ్లే. మీరు ఆ గోళ్లనే కడిగేస్తానంటే స్వేచ్ఛాయుత పోటీ ఎక్కడిది?"

జంతుశాస్త్రంలో ఆయన పాఠం ఇంత బాగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చి సబ్బుల పెట్టె స్వాధీనం చేసుకుంది. పిల్లల చేతుల్లోంచి కూడా లాక్కున్నారు. మాన్విత ఇవ్వలేదు, గుప్పిట బిగించింది. ఒక కానిస్టేబుల్ బతిమాలి, బుజ్జగించి, పంచనామా రాసి తీసుకున్నాడు.

"సబ్బులు గుంజుకపోయే సర్కారును ఏడ జూడలే" అని పోశవ్వ గరిటె పట్టుకుని జీపు వెంట గేటుదాకా వెళ్లింది.

పోలింగ్ నాడు మామిడాకులు కట్టారు. పిల్లలు వరసలో నిలబడ్డారు, మాత్ర నమిలారు, నాలుక చాపి చూపించారు, వేలు చాపి గుర్తు వేయించుకున్నారు. విశ్వపతి గారు ప్రతి పిల్ల నోట్లోకీ టార్చి వేసి చూసి "నమోదు చేసుకోండి" అంటూ కూర్చున్నారు. మా సామాను గది స్ట్రాంగ్ రూం అయింది. బియ్యం, పప్పులు వరండాలోకి వచ్చాయి. ఖాళీ రేకుల పెట్టె సీలు వేయించుకుని లోపలికి వెళ్లింది, బయట తుపాకీతో సెంట్రీ. పోశవ్వ చింతపండు కావాలంటే ఆయన్ని అడగాల్సి వచ్చేది, చింతపండు లోపలే ఉండిపోయింది కాబట్టి ఆయన కుదరదనేవాడు. ఆ నెలంతా మేం పులుపు లేని చారు తాగాం.

సిరా విషయంలో ఒక లోటు వచ్చింది. అసలైన చెరగని సిరా పురుగుల కోసం ఇవ్వబోమని పైవాళ్లు చెప్పేశారు. ఆఫీసు స్టాంపు ప్యాడ్ సిరాతో పని కానిచ్చారు. అది ఒక్కసారి కడిగితే పోతుంది. పోలింగ్ ముగిసిన గంటకు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, లబ్ధిదారుల ఎడమచేతి చూపుడువేలి గోటిపై గల సిరా గుర్తును ఫలితముల ప్రకటన వరకు భద్రపరచవలెను. సదరు వేలిని గానీ, సదరు వేలు కలిగియున్న చేతిని గానీ కడుగుట, రుద్దుట, సదరు గోటిని కత్తిరించుట నిషేధించడమైనది. ఉల్లంఘించినచో సంబంధిత ప్రిసైడింగ్ అధికారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును."

నేను వెంటనే ఫోన్ చేశాను. "సార్, అది ఎడమ చెయ్యి."

"అవును మేడం. ఎన్నికల్లో ఎప్పుడూ ఎడమ చెయ్యే."

"సార్, ఎడమ చేత్తో మనుషులు ఏం కడుక్కుంటారో మీకు తెలుసు కదా."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "మేడం, మార్గదర్శకాల్లో అటువంటి ప్రస్తావన ఏదీ లేదు" అన్నారు చివరికి.

మర్నాడు విజయోత్సవం. జిల్లాలోకెల్లా మా కేంద్రంలో పోలింగ్ శాతం ఎక్కువట. అధికారులంతా వచ్చారు. లడ్డూలు వచ్చాయి. పిల్లలు అధికారులకు తమ చేత్తో లడ్డూ తినిపిస్తున్నట్టు పేపర్లో ఫొటో పడాలన్నారు. మాన్విత కుడిచేత్తో లడ్డూ పట్టుకుని శ్యాంసుందర్ గారి ముందు నిలబడింది. ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

"సార్, వేలి మీద గుర్తు కనపడతలేదు. ఎడమ చేత్తో పెట్టమనండి."

"ఎడమ చేత్తో ఎట్ల పెడ్తరు సార్?" అంది మాన్విత. "మా అమ్మ తిడ్తది."

"పర్వాలేదు తల్లీ. ఇది అమ్మ విషయం కాదు, ఆధారం విషయం" అన్నారు శ్యాంసుందర్ గారు.

నేను అడ్డం పడ్డాను. "సార్, వద్దు. నిజంగా వద్దు. కావాలంటే లడ్డూ నేను పెడతాను."

"మీకు గుర్తు లేదు కదా మేడం" అని ఆయన నోరు తెరిచారు.

కడగని ఎడమచేతి చూపుడువేలు, బొటనవేలు మధ్య లడ్డూ. గోరు మీద నల్లటి గుర్తు, గోరు కింద ఏముందో ఆ దేవుడికీ డాక్టర్ హారికకీ తెలుసు. పిల్లలంతా ఒక్కొక్కరుగా అధికారులందరికీ తినిపించారు. విశ్వపతి గారు ఓడిన పక్షమైనా క్రీడాస్ఫూర్తితో మూడు తిన్నారు. డాక్టర్ హారిక మాత్రం ఉపవాసమంది. ఏ దేవుడికని అడిగితే ఇంకా ఆలోచిస్తున్నానంది.

ఫలితాలు ప్రకటిస్తే కోడ్ ఎత్తేస్తారు, కుళాయిలు వస్తాయి, సబ్బులు వస్తాయి. నా ఆశంతా దాని మీదే. అయితే ఫలితం ప్రకటించాలంటే లెక్కింపు జరగాలి. రేకులు లెక్కపెడితే చాలదని విశ్వపతి గారు పట్టుబట్టారు. రేకులు మాత్రకు పడ్డ ఓట్లు మాత్రమే, తన పక్షంలో ఎంతమంది డిపాజిట్ కోల్పోయారో విడిగా లెక్కించాలట. ఎక్కడ లెక్కించాలి అన్నప్పుడు ఆయన మా మరుగుదొడ్ల వైపు చూపించారు. కౌంటింగ్ సిబ్బందిగా పేర్లు పడ్డవాళ్లంతా ఆ మధ్యాహ్నమే మెడికల్ లీవు పెట్టారు. లెక్కింపు నిరవధికంగా వాయిదా పడింది.

మొదటి మాత్రకు పెద్ద పురుగులు పోయాయి. నాలుగు రోజులు పిల్లలు కాస్త నిద్రపోయారు. గుడ్లు మాత్రం గోళ్ల కిందా దుప్పట్లలోనూ భద్రంగా ఉన్నాయి, సర్క్యులర్ వాటికి బాగా కలిసొచ్చింది. డాక్టర్ హారిక వచ్చి పిల్లల గోళ్లు చూసి తల పట్టుకుంది.

"రెండో డోసుకు టైమొస్తోంది మేడం. అదిగానీ దాటిపోతే గుడ్లన్నీ పెరిగి మళ్లీ మొదటికే. మాత్రలు నా దగ్గరున్నాయి. మీ పెద్దాయన ఒప్పుకోవాలి."

నేను కలెక్టరేట్‌కు వెళ్లాను. శ్యాంసుందర్ గారు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు.

"వేలికి గుర్తున్న పిల్లకు మళ్లీ మాత్ర వేస్తే దాన్నేమంటారో తెలుసా మేడం? దొంగ మాత్ర. నా సర్వీసులో ఒక్క దొంగ ఓటు పడనివ్వలేదు నేను."

"పిల్లలు నిద్రపోవడం లేదు సార్. మాన్వితకు తొమ్మిదేళ్లు. పుస్తకం ముందు పెట్టుకుంటే అక్షరాల మీద పడిపోతోంది. మీకు లడ్డూ తినిపించిన పిల్ల."

ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది. "నాకు బాధ లేదనుకుంటున్నారా? కానీ మార్గం లేదు. ఒక కేంద్రంలో రెండోసారి పోలింగ్ పెట్టాలంటే అక్కడ రిగ్గింగ్ జరిగినట్టు ఫిర్యాదైనా ఉండాలి."

టీ గ్లాసు నా చేతిలో ఆగిపోయింది. "ఫిర్యాదు ఎవరైనా చెయ్యొచ్చా సార్?"

"ఎవరైనా చెయ్యొచ్చు. అది చట్టం గొప్పతనం."

హాస్టలుకు వచ్చి పోశవ్వతో చెప్పాను. పోశవ్వ నోరెళ్లబెట్టింది. "నీ మీద నువ్వే చెప్పుకుంటవా? నౌకరి పోతదమ్మా!"

భయం లేదంటే అబద్ధం. ఈ ఉద్యోగం తప్ప నాకు వేరే ఆధారం లేదు. కాగితం తీసి ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వరండాలో మాన్విత ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చేత్తో వెనక గీక్కుంటూ, నిలబడే నిద్రపోతోంది. కలం తీసి రాసేశాను.

మర్నాడు శ్యాంసుందర్ గారు నా ఫిర్యాదు చదివి రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"మేడం, ఇందులో... పిల్లల మాత్రలన్నీ మీరే మింగినట్టు ఉంది."

"అవును సార్."

"అన్నీనా?"

"అన్నీనూ. పిల్లల చేత సున్నంబిళ్లలు నమిలించాను. వాళ్ల బదులు నేను వినియోగించుకున్నాను."

"మీకేం కాలేదా?"

"పురుగులు మాత్రం ఒక్కటీ లేవు సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. సొంత చెల్లెలు దొంగతనం ఒప్పుకున్నట్టు చూశారు నన్ను. "ఇంత పెద్ద రిగ్గింగ్ ఈ జిల్లా చరిత్రలో లేదు" అన్నారు నెమ్మదిగా. గోటి మీది గుర్తు కడిగితే పోయే రకం కాబట్టే, ఒక్కో మాత్రకూ గుర్తు వేయించుకుని కడిగేసుకుంటూ ఇంత పని చేయగలిగానని కూడా ఫిర్యాదు చివర రాశాను. ఆ వాక్యం దగ్గర ఆయన చెంపలు ఎర్రబడ్డాయి.

రీపోలింగ్‌కు ఉత్తర్వు వచ్చింది. తేదీ సరిగ్గా డాక్టర్ హారిక చెప్పిన రోజే పడింది, ఆ తేదీ ఎదురుగా కనిపించేలా ఆయన టేబుల్ మీది క్యాలెండర్ నేనే తిప్పి పెట్టి వచ్చాను. ఇక ఉత్తర్వులోని మిగతా భాగం చదువుతుంటే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను.

"రీపోలింగ్‌నకు ముందు పాత గుర్తు ఆనవాలు లేకుండా తొలగింపబడవలెను. అందులకు గాను సబ్బులు, నెయిల్ కట్టర్లు పోలింగ్ సామగ్రిగా పరిగణించి తక్షణము సరఫరా చేయవలెను. పోలింగ్ కేంద్రంలో కనీస వసతుల కింద కుళాయిల నుండి ధారాళముగా నీరు రావలెను. గతంలో గుర్తు పడిన వస్త్రములు, దుప్పట్లు మరిగే నీటిలో శుభ్రపరచవలెను. ఈసారి అసలైన చెరగని సిరా వాడబడును. అది చెరగదని నిరూపించుటకు లబ్ధిదారులు ప్రతిరోజు భోజనమునకు ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చిన తరువాత సబ్బుతో చేతులు రుద్ది కడిగి, సెంట్రీకి చూపవలెను."

ఆ పూటే మేస్త్రీ పరుగున వచ్చాడు. సాయంత్రానికి కుళాయిలన్నీ బుసబుసమంటూ నీళ్లు వదిలాయి. జప్తు చేసిన సబ్బుల పెట్టె అదే జీపులో, అదే కానిస్టేబుల్ చేతుల మీదుగా తిరిగొచ్చింది. పిల్లలందరి గోళ్లూ ప్రిసైడింగ్ సిబ్బంది సమక్షంలో, వీడియో తీస్తుండగా కత్తిరించారు. పోశవ్వ గుండిగల్లో దుప్పట్లు ఉడకబెట్టింది. విశ్వపతి గారు కొత్త అభ్యంతరాల జాబితాతో రావాలి కదా, ఎందుకో రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపారు.

రెండో మాత్ర పడింది. సెంట్రీ రోజూ తుపాకీ గోడకు ఆనించి పిల్లల చేతులు వాసన చూసి పంపేవాడు. వారం తిరిగేసరికి మా హాస్టల్లో రాత్రి ఎనిమిదిన్నరకే చప్పుడు ఉండేది కాదు. ఒకరోజు ప్రార్థనలో మాన్విత జాతీయగీతం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా పాడింది. నేను ముఖం పక్కకు తిప్పుకుని కొంగుతో తుడుచుకోవాల్సి వచ్చింది.

ఇక నా విచారణ. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. విచారణాధికారి కూడా శ్యాంసుందర్ గారే, నేరస్థలమైన హాస్టల్లోనే విచారణ. లడ్డూల నాటి నుంచి నెలన్నర గడిచింది. ఆయన లోపలికి వచ్చి కుర్చీ చూశారు గానీ కూర్చోలేదు. సాక్షిగా వచ్చిన విశ్వపతి గారు కూడా గోడకు ఆనుకుని నిలబడ్డారు. మెల్లమెల్లగా గోడ మీద కిందికీ పైకీ కదులుతున్నారు.

"కూర్చోండి సార్" అన్నాను.

"వద్దు మేడం. ఈ మధ్య కలెక్టరేట్‌లో అందరం నిలబడే పనిచేస్తున్నాం" అన్నారు శ్యాంసుందర్ గారు. కళ్ల కింద నలుపు. సరిగ్గా అప్పట్లో మాన్వితకు ఉన్నటువంటిదే.

విశ్వపతి గారు ఒక్కసారిగా బ్యాడ్జి పీకి బల్ల మీద పడేశారు. "నేను పార్టీ మారుతున్నాను సార్! వాళ్ల కోసం నేనెంత మాట్లాడాను! ఎన్ని అభ్యంతరాలు పెట్టాను! చివరికి నా దగ్గరికే వచ్చాయి, నా మీదే తిరగబడ్డాయి. కృతజ్ఞత లేని జాతి!" అని, ఇక అక్కడ నిలబడలేక బయటికి పరుగెత్తారు.

గదిలో ఇద్దరం మిగిలాం.

"మెడికల్ షాపులో మాత్ర దొరుకుతుంది కదా సార్" అన్నాను.

"వేసుకున్నాను." ఆయన ఎడమచెయ్యి చూపించారు. చూపుడువేలి గోటి మీద స్టాంపు ప్యాడ్ సిరా గుర్తు, పక్కాగా ఉంది. గోరు పెరిగి ఉంది. "నేనే వేసుకున్నాను, నేనే గుర్తు పెట్టుకున్నాను. అందరికీ ఒక రూలు, నాకొక రూలా? కానీ మళ్లీ వచ్చాయి మేడం."

"చెయ్యి కడుక్కోవడం లేదా సార్?"

"సర్క్యులర్ ఉంది కదా. మీకు వచ్చిన సడలింపు రీపోలింగ్ కేంద్రానికే వర్తిస్తుంది. నాకు పాతదే."

నాకు నవ్వొచ్చింది, అంతలోనే జాలేసింది. ఇంత నిజాయితీపరుణ్ని నేనింతవరకూ చూడలేదు, చూడాలని కోరిక కూడా లేదు.

"రెండో మాత్ర పడాలి సార్. ఆ గోరు పోవాలి, ఆ గుర్తు పోవాలి. దానికి మీకు రీపోలింగ్ పెట్టాలి."

"పెట్టాలంటే రిగ్గింగ్..." అని ఆగిపోయారు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారారు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు అప్పుడు రాసిన ఫిర్యాదు ఉంది కదా మేడం. దానికి నమూనా ఏమైనా మీ దగ్గర..." అన్నారు.

నకలు నా బల్ల సొరుగులోనే ఉంది. తీసి ఇచ్చాను. "పేరు ఒక్కటి మార్చుకుంటే చాలు సార్."

నిలబడే రాశారు, నిలబడే సంతకం పెట్టారు. తన మీద తానే ఫిర్యాదు చేసుకున్న అధికారి వేరేవాళ్లను విచారించకూడదని నియమం ఉందట, దాని కింద నా విచారణ అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ నియమం సంఖ్య కూడా ఆయనే చెప్పి, నా కాగితం మీద ఆయనే రాసిపెట్టారు.

నెయిల్ కట్టర్ ఆయన చేతిలో పెట్టి బయటికి తీసుకొచ్చాను. కుళాయి విప్పాను. మాన్విత సబ్బు తెచ్చి అందించి, నడుం మీద చెయ్యి వేసుకుని పక్కనే నిలబడింది. శ్యాంసుందర్ గారు గోరు కత్తిరించుకుని చేతులు నీళ్ల కింద పెట్టారు. సిరా నల్లగా కారి కాలువలో కలిసింది. ఆయన గబగబా నురగ కడిగేసుకోబోతుంటే మాన్విత సబ్బు మళ్లీ ఆయన చేతిలో పెట్టింది.

"గోర్ల కింద గూడ రుద్దాలె సార్. లేకుంటే నిద్ర రాదు."

ఆయన బుద్ధిగా తలూపి మళ్లీ మొదలుపెట్టారు.